వాన మనూళ్లో లేకున్నా వంక రావచ్చు: పండమేరు దగ్గర జాగ్రత్తలు

కనగానపల్లి వైపు నీళ్లు పండమేరు వంకలో అనంతపురం దిక్కుకు పోతాయి. 2024 అక్టోబరులో ఎగువన కుండపోత వాన కురిసింది, కనగానపల్లి చెరువుకు గండి పడింది. దిగువన అనంతపురం శివారు కాలనీలు మునిగాయి. సముద్రపు పోటుకు ఒక వేళ ఉంటుంది, వంకకు లేదు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైనుంచి నీళ్లు రావచ్చు.

జోరుగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లున్నా మనిషిని పడేస్తాయి. 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు తేలిపోతుంది. అందుకే వంక దారి మీద నీళ్లు పారుతుంటే బైకు, ఆటో దింపకండి. బడికి, మదర్సాకు పోయే పిల్లల్ని ఆపండి. నీళ్లు పెరుగుతుంటే సామాన్ల కోసం ఆగకుండా మిట్టకు చేరండి. కొట్టుకుపోతున్నవారికి గట్టు మీది నుంచే తాడో, ఖాళీ క్యానో విసరండి, వెంట దూకకండి. వెంటనే 112కు ఫోన్ చేయండి.