రెండోసారి వచ్చే జ్వరం

కిందటేడు వానాకాలం హైదరాబాదులో డెంగీతో ఆసుపత్రిలో పడ్డాను. డాక్టరుగారి మొదటి ప్రశ్న: "ఇంతకుముందెప్పుడైనా వచ్చిందా?" లేదన్నాను. "అయితే నయం" అన్నారు. నాకు తిరకాసుగా అనిపించింది. ఆటలమ్మ ఒకసారి పోస్తే ఇక భయం లేదని కదా మా నాయనమ్మ లెక్క!

డెంగీకి ఆ లెక్క కుదరదని క్యూబా చరిత్ర చదివాకే అర్థమైంది. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. 1977లో ఆ దీవికి ఒకటో రకం వచ్చింది. లక్షలమందికి సోకి, పెద్దగా నష్టం చెయ్యకుండానే పోయింది. 1981లో రెండో రకం దిగింది. కొన్ని నెలల్లోనే 3,44,203 కేసులు, 158 మరణాలు. పోయినవాళ్లలో 101 మంది పిల్లలు. ఇది అమెరికా కుట్రేనని కాస్ట్రో అనుమానించాడు. రాజకీయం అటుంచితే, నన్ను ఆపేసింది పిల్లల వయసులు. ఒకటో రకం వెళ్లిపోయాక పుట్టిన ఏడాది, రెండేళ్ల పసివాళ్లు చాలావరకు గట్టెక్కారు. దాన్ని ఒకసారి గెలిచిన పెద్దపిల్లలే ప్రమాదంలో పడ్డారు.

బ్యాంకాక్‌లో 1960లలోనే స్కాట్ హాల్‌స్టెడ్ ఈ చిక్కుముడి పట్టుకున్నాడు. పాత రకం మీద తయారైన యాంటీబాడీలు కొత్త రకాన్ని పట్టుకుంటాయి, కానీ చంపలేవు. అలా పట్టుబడ్డ వైరస్‌ని తెల్లకణాలు లోపలికి లాక్కుంటాయి. అది అక్కడే తీరిగ్గా పెరుగుతుంది. అక్కడ ఇంకో సంగతీ బయటపడింది. ఏడాది నిండని పసికందులకి మొదటి జ్వరమే ప్రాణం మీదికి తెచ్చేది. తల్లి కడుపులో ఉండగా అందిన యాంటీబాడీలే కారణం. ఇది చదివినరోజు నాకు అన్నం సయించలేదు.

1997లో క్యూబాలోని శాంటియాగోకి మళ్లీ రెండో రకం వచ్చింది. ఈసారి చనిపోయిన 12 మందీ పెద్దవాళ్లే. పిల్లలకి పెద్దగా ఏమీ కాలేదు. వాళ్ల రక్తానికి 1977 తెలీదు మరి! నాలుగేళ్ల ఎడం కన్నా ఇరవయ్యేళ్ల ఎడమే ఎక్కువ ప్రాణాంతకమని మరియా గ్వాడలూపె గుజ్మాన్, గుస్తావో కౌరి బృందం లెక్కలు తేల్చాయి. కాలం గడిస్తే తగ్గాల్సిన ముప్పు పెరగడమేమిటో!

మొన్న ఫైలు తీసి నా రిపోర్టు మళ్లీ చూసుకున్నాను. డెంగీ పాజిటివ్ అని మాత్రం ఉంది. ఎన్నో రకమో రాయలేదు.