విమానం అద్దె బేరం: దివాలా కోర్టుల్లో అర్ధశతాబ్దం

దివాలా అంచుకు చేరిన విమానయాన సంస్థ ముందుగా కోత పెట్టాలనుకునే ఖర్చుల్లో విమానాల అద్దె ఒకటి. ఇంధనం ధర దాని చేతిలో లేదు. జీతాలు తగ్గించాలంటే యూనియన్లు ఒప్పుకోవాలి. అద్దె ఒప్పందాన్ని మాత్రం తిరగరాయించుకునే వీలుంది. అయితే ఆ బేరం ఎంతవరకు సాగుతుందన్నది ఒక్కో కాలంలో ఒక్కోలా తేలింది.

దీని మూలం రైల్వేల్లో ఉంది. 19వ శతాబ్దంలో అమెరికా రైలు కంపెనీలు తరచూ దివాలా తీసేవి. అందుకే ఇంజన్లకు, బోగీలకు పెట్టుబడి పెట్టినవారు బాకీ తీరేదాకా వాటి యాజమాన్యాన్ని తమవద్దే ఉంచుకునేవారు. వారికి దక్కిన రక్షణను 1957లో విమానాలకూ వర్తింపజేశారు. 1978 దివాలా చట్టంలో అది 1110వ సెక్షన్‌గా స్థిరపడింది. దాని ప్రకారం సంస్థకు 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా బకాయి తీర్చి ఒప్పందానికి కట్టుబడకపోతే యజమాని విమానాన్ని తీసుకుపోవచ్చు. అదే చట్టం, అక్కర్లేని లీజును వదులుకునే హక్కును సంస్థకు ఇచ్చింది. తర్వాతి బేరాలన్నీ ఈ రెండు హక్కుల మధ్యే నడిచాయి.

విమానాలను అద్దెకివ్వడం పెద్ద వ్యాపారంగా మారిందీ ఆ రోజుల్లోనే. 1973లో అమెరికాలో ఐఎల్‌ఎఫ్‌సీ, 1975లో ఐర్లండ్‌లోని షానన్‌లో టోనీ రయన్ చొరవతో గిన్నెస్ పీట్ ఏవియేషన్ పుట్టాయి.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత ప్రయాణికులు తగ్గి, వందలాది విమానాలు ఎడారి ఎయిర్‌పోర్టుల్లో ఎండకు నిలిచాయి. 2002 డిసెంబరులో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కోర్టు గడప తొక్కింది. ‘అద్దె తగ్గించండి, లేదా విమానం తీసుకెళ్లండి’ అన్న మాటకు అప్పుడు బలమెక్కువ. తీసుకెళ్లిన విమానాన్ని అడిగేవారే లేరు మరి. 2006లో బయటపడేనాటికి యునైటెడ్ సుమారు వంద విమానాలను వదిలించుకుంది. మధ్యలో విమానాలకు అప్పిచ్చినవారు జట్టుకట్టి బేరమాడితే, అది పోటీ చట్టానికి విరుద్ధమని వాదించి దివాలా కోర్టులో అడ్డుకుంది. 2005లో అప్పీలు కోర్టు ఆ ఆంక్షను కొట్టేసింది.

కోవిడ్ కాలంలో బేరం కొత్త రూపు తీసుకుంది. 2020లో న్యూయార్క్ కోర్టును ఆశ్రయించిన లాటమ్, అవియాంకా, ఏరోమెక్సికో సంస్థలు, ఎగిరిన గంటలకే అద్దె కట్టే ఏర్పాట్లు కుదుర్చుకున్నాయి. మూలనపడిన విమానం కన్నా కొద్దిపాటి అద్దె మేలని యజమానులూ సర్దుకున్నారు.

మన దేశంలో కథ అడ్డం తిరిగింది. ఇంజన్ల కొరతతో సగం విమానాలు నేలకే పరిమితమైన గో ఫస్ట్, 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది. దివాలా కేసులు విచారించే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ మారటోరియం విధించడంతో యజమానులు తమ విమానాలను తీసుకుపోలేకపోయారు. విమానాల రక్షణకు సంబంధించిన కేప్‌టౌన్ ఒప్పందంలో భారత్ 2008లోనే చేరినా, దాన్ని అమలుపరిచే చట్టం అప్పటికి లేదు. పైగా అప్పుడు ప్రపంచమంతటా విమానాలకు గిరాకీ. యజమానులకు కావలసింది తమ విమానమే తప్ప తగ్గింపు అద్దె కాదు. చివరికి 2024 ఏప్రిల్‌లో 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దుచేయాలని ఢిల్లీ హైకోర్టు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏను ఆదేశించింది. అప్పటికి అవి ఏడాదిగా కదలకుండా పడున్నాయి. 2025 జనవరిలో గో ఫస్ట్ లిక్విడేషన్‌కు వెళ్లింది.

కేప్‌టౌన్ ఒప్పందానికి చట్టం లేని ఆ వెలితిని పూడ్చే బిల్లును పార్లమెంటులో ప్రవేశపెట్టినది శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు. 2025లో అది చట్టమైంది. ఇప్పుడు దివాలా సంస్థకు దొరికే వ్యవధి రెండు నెలలు.

దీన్ని విమానయాన సంస్థలకు నష్టంగా చూడటం పొరపాటు. యునైటెడ్‌కు అద్దె తగ్గింది విమానాలను అట్టిపెట్టుకున్నందుకు కాదు, వద్దనగలిగినందుకు. అట్టిపెట్టుకున్న గో ఫస్ట్‌కు అద్దె తగ్గలేదు, విమానాలూ మిగలలేదు. విమానం తిరిగి చేతికొస్తుందన్న భరోసా ఉంటే యజమాని మొదటినుంచే తక్కువ అద్దె అడుగుతాడు. దివాలా మెట్లెక్కకముందే సంస్థకు దక్కే తగ్గింపు అది.