ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనునది స్వచ్ఛంద సభ్యులు కలిసి రూపొందించుచున్న ప్రపంచ పటము. ఈ వెబ్‌సైటును ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును, సవరించవచ్చును. పర్వతారోహకులకు, కాలినడక యాత్రికులకు, సైకిలు ప్రయాణీకులకు ఇది మిక్కిలి ఉపయోగకరమైనది.

చరిత్ర

2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ దీనిని ప్రారంభించెను. ఆనాడు బ్రిటన్ ప్రభుత్వ పటముల సమాచారమును స్వేచ్ఛగా వాడుకొనుటకు వీలు లేకపోవుటయే ఇందుకు కారణము. 2006లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ ఏర్పడినది. 2012 నుండి సమాచారము ఓపెన్ డేటాబేస్ లైసెన్సు క్రింద లభించుచున్నది.

ఉపయోగములు

రహదారులే గాక కాలిబాటలు, నీటి ఊటలు, కొండ శిఖరములు కూడా ఇందులో గుర్తించబడును. ఆర్గానిక్ మ్యాప్స్ వంటి మొబైలు అనువర్తనములలో పటమును ముందుగా దింపుకొనినచో, ఫోను సిగ్నలు లేని అడవిలోనూ జీపీఎస్ ద్వారా తామున్న చోటును తెలుసుకొనవచ్చును.

పరిమితులు

ఎవరూ గుర్తించని బాట పటములో ఉండదు. పటములో ఉన్న బాట వానలకు కొట్టుకొనిపోయి ఉండవచ్చును. బాట కనిపించినంత మాత్రమున ప్రవేశమునకు అనుమతి ఉన్నట్లు కాదు. నల్లమల వంటి పులుల అభయారణ్యములలో అటవీశాఖ అనుమతి తప్పనిసరి. కావున ముందుగా స్థానికులను విచారించుట, కాగితపు పటమును, దిక్సూచిని వెంట ఉంచుకొనుట మేలు. దారి మారినట్లు గమనించినవారు తిరిగి వచ్చిన పిదప పటమును సవరించినచో, తరువాత వచ్చు యాత్రికులు దారి తప్పకుందురు.