జాలరుల కుక్క

లాబ్రడార్‌ను పెంచుకునేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "డాక్టరు గారూ, ఎంత పెట్టినా ఇంకా కావాలంటుందేమిటండీ?" విజయవాడలో పశువైద్యం చేస్తున్న నేను, మందుచీటీ రాయడానికి ముందు వాళ్లకు కాస్త చరిత్ర చెబుతాను.

ఈ కుక్క పూర్వీకులది కెనడా తూర్పు అంచున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవి. అక్కడ కాడ్ చేపలు పట్టే జాలరుల దగ్గర సెయింట్ జాన్స్ నీటికుక్కలని ఉండేవి. గాలం నుంచి జారిన చేపను దూకి పట్టడం, నీళ్లలోని తాళ్లను ఒడ్డుకు లాక్కురావడం వాటి పని. పొడుగు బొచ్చు తడిస్తే మంచు పేరుకుంటుంది కాబట్టి జాలరులు పొట్టి బొచ్చు కుక్కలనే కోరుకునేవారు. లోపల మెత్తటి పొర, పైన నీళ్లు అంటని బిరుసు పొర. మీ ఇంట్లో సోఫా మీద రాలే బొచ్చు అదే.

ఉప్పుచేపల ఓడల్లో ఈ కుక్కలు ఇంగ్లండులోని పూల్ రేవుకు చేరాయి. అక్కడి మామ్స్‌బరీ ప్రభువులు వీటిని బాతుల వేటకు పెంచారు. కూలిన పక్షిని నలపకుండా నోట కరుచుకొచ్చే నేర్పు వాళ్లకు నచ్చింది. 1880లలో మామ్స్‌బరీ వారి నెడ్, ఏవన్ అనే కుక్కలు స్కాట్లండులోని బక్లూ ప్రభువుల దగ్గరికి వెళ్లాయి. నేటి జాతికి మూలస్తంభాలు అవే. 1903లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. న్యూఫౌండ్‌లాండ్‌లో మాత్రం గొర్రెల పెంపకం కోసం కుక్కల మీద ఆంక్షలు పెట్టారు. అసలు నీటికుక్క 1980ల తర్వాత కనిపించలేదు. తరతరాలుగా దాన్ని తీర్చిదిద్దిన జాలరుల పేర్లు ఏ వంశావళిలోనూ లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక ఆకలి సంగతి. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించిందని కనిపెట్టారు. ఆ లోపం వల్ల తిండి మీద యావ పెరుగుతుంది. దాన్ని అత్యాశ అని తిట్టకండి, జాలిపడి పెరుగన్నం ముద్దలూ కలపకండి. తూచి పెట్టండి. వేళ్లతో తడిమితే పక్కటెముకలు తగలాలి. ఈ జాతికి తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ; బరువు పెరిగితే ముందు కుంగేది ఆ కీళ్లే.

మన ఎండలకు తట్టుకోలేదని గుండు గీయించేవాళ్లున్నారు. వద్దు, బొచ్చు దువ్వితే చాలు. షికారు తెల్లవారుజామునే. స్నానం చేయించాక వేలాడే చెవుల లోపల తడి లేకుండా తుడవండి, లేకపోతే చీము పడుతుంది. చెప్పులు కొరికిందని కొట్టేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: దాని నోటికి ఒక పని ఇవ్వండి. బంతి విసిరి తెమ్మనండి, గేటు దగ్గర పడ్డ పేపరు తెమ్మనండి.