ఉద్దానమున హృద్రోగ పరిచర్య

శ్రీకాకుళం జిల్లా ఉద్దాన ప్రాంతమున కొబ్బరి, జీడి తోటల నడుమ వెలసిన సోంపేటకు వైద్యచరిత్రలో పేరు దెచ్చినది నేత్రచికిత్స. కెనడా బాప్టిస్టు మిషను వైద్యుడు బెన్ గల్లిసన్ ఇచ్చటి ఆరోగ్యవరము ఆసుపత్రిలో అంధులైన పేదలకు చేయుచుండిన సేవను విని చలించి, కాల్గరీ నగరపు వర్తకుడు ఆర్థర్ జెంకిన్స్ 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థను నెలకొల్పెను. శుక్లము దీసిన కంటికి కొలదిదినముల పరిచర్య చాలును. జబ్బుపడిన గుండెకో, అది జీవితాంతము కావలెను.

గుండెపోటు వచ్చినవారిని వారముల తరబడి కదలనీయక పరుండబెట్టుట పూర్వపద్ధతి. అన్నము దినిపించుట, ఒడలు తుడుచుట, ప్రక్కకు ఒత్తిగిలజేయుట నాటి నర్సు పనులు. 1952లో బోస్టన్ వైద్యులు లెవైన్, లౌన్ రోగిని కుర్చీలో కూర్చుండబెట్టుట మేలని ప్రకటింపగా ఆ నిర్బంధము సడలెను. 1962లో కాన్సాస్ సిటీలో డాక్టరు హ్యూస్ డే ప్రత్యేక హృద్రోగ విభాగమును తెరచిన పిదప, అహోరాత్రములు తెరపై గుండె లయను కనిపెట్టియుండి, అది తప్పిన క్షణమున వైద్యునికై వేచియుండక విద్యుత్ప్రయోగముచే ప్రాణము నిలుపు బాధ్యత ఆ దశాబ్దముననే నర్సుల కబ్బెను.

సోంపేట రోగికి పెద్దాసుపత్రి యనిన బరంపురమో, సుమారు 200 కిలోమీటర్ల దూరమున నున్న విశాఖపట్టణమో. 2007 ఏప్రిలులో పేదలకు ఉచితచికిత్స నిచ్చు ప్రభుత్వ పథకము ఆరోగ్యశ్రీ తొలుత మొదలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళ మొకటి యగుటచే, గుండె శస్త్రచికిత్స ఇచ్చటి పేదలకును అందుబాటులోనికి వచ్చెను. అయినను శస్త్రచికిత్స నగరమున ముగిసిన పిదప రోగి తిరిగి చేరునది తన యూరే.

అక్కడ నర్సమ్మ ప్రతి ఉదయము రోగి బరువు తూచవలెను. మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో ఒంట నీరు చేరుచున్నదని గ్రహింపవలెను. కాళ్ళ వాపును, ఆయాసమును, రాత్రివేళ ఎన్ని దిండ్లు కావలసివచ్చుచున్నవో విచారింపవలెను. ఎండుచేపల యుప్పు గుండెకు భారమని ఇల్లాలికి నచ్చజెప్పవలెను. మూత్రపిండముల వ్యాధి ప్రబలిన ఉద్దానమున ఈ పని మరింత సున్నితము. ఆ వ్యాధి ముదిరినవారికి తీరమంతట సులభముగ దొరకు కొబ్బరినీరు సైతము, అందలి పొటాషియముచే, గుండె లయను చెరుపగలదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వెలసినది, అది హర్షణీయమే. కాని రోగి వంటయింటిని, ఊపిరిని ఎరిగి ఊరనే నిలిచియుండు నర్సులను నియమించి, వారికి హృద్రోగ పరిచర్యలో శిక్షణ మిచ్చిననే ఆ ఆసుపత్రుల శ్రమ ఫలించును.