సంలీన శక్తికి భద్రతా నియమాలు

భారతదేశంలో అణు భద్రతా చట్రం విచ్ఛిత్తి చుట్టూ పెరిగింది. 1962 అణుశక్తి చట్టం దానికి పునాదిగా నిలిచింది. 1983లో అణుశక్తి నియంత్రణ మండలి వచ్చింది. సంలీన పరిశోధన విషయానికొస్తే, గాంధీనగర్‌లో ఆదిత్య టోకమాక్ అనే ప్లాస్మా యంత్రం 1989లో పనిచేయడం మొదలుపెట్టింది.

విచ్ఛిత్తిలా కాక, సంలీనంలో గొలుసు చర్య ఉండదు. ప్లాస్మా చెదిరితే చర్య ఆగిపోతుంది. అసలు జాగ్రత్త ఇంధనంగా వాడే రేడియోధార్మిక ట్రిటియం విషయంలో, న్యూట్రాన్ల తాకిడికి రేడియోధార్మికమయ్యే లోహాల విషయంలో అవసరం. ట్రిటియం అర్ధాయువు సుమారు 12.3 ఏళ్లు.

భారత్ 2005లో ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ సంలీన ప్రాజెక్టు ఇటర్‌లో చేరింది. ఫ్రాన్స్ 2012లో ఆ కేంద్రాన్ని అణు స్థావరంగా అనుమతించింది. 2023లో అమెరికా అణు నియంత్రణ సంస్థ సంలీన యంత్రాలకు రియాక్టర్ల నిబంధనలు కాక, రేడియోధార్మిక పదార్థాల నిబంధనలను ఎంచుకుంది. అదే ఏడాది బ్రిటన్ సంలీన కేంద్రాలను అణు స్థావర లైసెన్సు నుంచి మినహాయించింది. ప్రమాద స్వభావానికి తగిన నియమమే ప్రజల ప్రాణాలను, పరిశోధనను కాపాడుతుంది.