కడుపులో ఎలుకలు ఎవరు?

ఆకలేస్తే 'కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి' అంటాం. విద్యార్థులారా, ఆ ఎలుకల గుట్టు తెలియడానికి శాస్త్రజ్ఞులకు డెబ్బై ఏళ్లు పట్టింది.

1899లో ఇంగ్లండుకు చెందిన విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ (స్టార్లింగ్ చెల్లెలు బేలిస్ భార్య) కుక్క పేగుకు బయటినుంచి వచ్చే నరాలన్నీ తెంచి చూశారు. అయినా పేగు ఆగలేదు. ముద్ద ఉన్నచోటికి వెనుక భాగం ముడుచుకుంది, ముందు భాగం సడలింది. పేగు గోడలోని నరాల అల్లికే ఈ పని చేయిస్తోందని తేల్చారు.

జీర్ణరసాల మాటేమిటి? అవి నరాల ఆజ్ఞతోనే స్రవిస్తాయని రష్యాలో పావ్లోవ్ బోధిస్తున్న రోజులవి. 1902 జనవరిలో వీరిద్దరూ కుక్క చిన్నపేగులో ఒక భాగానికి నరాలు తెంచి, అందులో ఆమ్లం పోశారు. క్లోమరసం కారింది! నరం లేదు కనుక కబురు రక్తంలోనే వెళ్లి ఉండాలి. పేగు లోపొరను గీకి, ఆమ్లంతో నూరి, వడకట్టి రక్తనాళంలోకి ఎక్కిస్తే మళ్లీ కారింది. ఆ పదార్థమే సెక్రెటిన్. ఇలాంటి రసాయన దూతలకు 1905లో స్టార్లింగ్ 'హార్మోన్' అనే పేరు వాడారు. పావ్లోవ్ తన ప్రయోగశాలలో మళ్లీ చేయించి చూసి ఒప్పుకున్నారు. అది ఆయన పెద్దమనసు. నోబెల్ బహుమతి మాత్రం 1904లో ఆయనకే వచ్చింది. వీరిద్దరికీ ఎన్నడూ రాలేదు.

కదలికలు నడిపే హార్మోన్ మరింత ఆలస్యంగా దొరికింది. కుక్క ఆంత్రమూలంలో క్షారద్రవం పోస్తే జీర్ణాశయం కదలికలు పెరుగుతాయని 1966లో జాన్ బ్రౌన్ బృందం గమనించింది. పంది పేగునుంచి 1970ల తొలినాళ్లలో వేరుచేసిన ఆ పదార్థమే మోటిలిన్. అందులో 22 ఎమైనో ఆమ్లాలున్నాయి. ఇంతలో 1969లో జోసెఫ్ జుర్జెవ్‌స్కీ ఖాళీ కడుపుతో ఉన్న కుక్కల్లో చిన్నపేగు పొడవునా సాగే సంకోచ తరంగాన్ని చూశారు. ఆరోగ్యవంతుల్లో పరగడుపున సుమారు 90 నుంచి 120 నిమిషాలకోసారి ఇది వస్తుంది. మోటిలిన్ పెరిగినప్పుడు జీర్ణాశయంలో మొదలై, మిగిలిన తునకలనూ బ్యాక్టీరియానూ కిందికి ఊడ్చేస్తుంది. మన ఎలుకలు ఇవే! అన్నం తినగానే ఈ ఊడ్పు ఆగి, ఆహారాన్ని కలిపే కదలికలు మొదలవుతాయి. కొవ్వు తగిలితే కొలిసిస్టోకైనిన్ జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది.

మరి ముద్దకు ముందు పేగును సడలించేదేమిటి? ఆ సంకేతాల్లో ఒకటి ఏటీపీ అని 1970లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. కణానికి శక్తినిచ్చే పదార్థం కబురు మోస్తుందా అన్నారు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వేరుచేసినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.